కిటికీ కడ్డీ పట్టుకుని చూసుకున్న బరువు

ఈ వారం నాకొచ్చిన ఉత్తరం కోస్తాలోని ఒక చిన్న పట్నం నుంచి. రాసినావిడ ఒక డయాలసిస్ సెంటర్లో ఇన్‌ఛార్జి నర్సు, తొమ్మిదేళ్ల సర్వీసు. పేరూ ఊరూ బయటపెట్టొద్దని మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి రాశారు. ఆరు పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతున్నాను.

సెంటర్లో 12 మెషీన్లు, రోజుకు మూడు షిఫ్టులు. జనవరిలో 61 మంది పేషెంట్లు. ఒకరిద్దరు తప్ప అంతా ప్రభుత్వ పథకం కింద వచ్చేవాళ్లే. "వస్తారు, పడుకుంటారు, లేచి వెళ్లిపోతారు. తమ ఒంట్లోంచి ఎన్ని నీళ్లు తీస్తున్నామో కూడా అడగరు" అన్నది ఈవిడకు ఎప్పటినుంచో ఉన్న బాధ. సంక్రాంతి వెళ్లగానే సొంత డబ్బుతో నోటుబుక్కులు కొని తలా ఒకటి ఇచ్చారు. ఎవరి బరువు వాళ్లే చూసుకుని రాసుకోవాలి. అందులోంచి డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, తీసేసి ఎంత నీరు ఎక్కిందో లెక్క కట్టుకోవాలి. బీపీ పట్టీ తామే చుట్టుకోవాలి. సూదులు గుచ్చడానికి చేతి రక్తనాళాలను కలిపి చేసిన ఫిస్టులా మీద చెయ్యి పెట్టి జుమ్మంటోందో లేదో రోజూ చూసుకోవాలి. రక్తాన్ని వడకట్టే, కడిగి మళ్లీ అదే మనిషికి వాడే ఫిల్టర్ మీద ఉన్నది తన పేరేనా అని చదువుకోవాలి. సూదులు తీశాక ఆ చోటు తామే అదిమి పట్టుకోవాలి. 34 మంది చేరారు. వెయిట్ మెషీన్ పక్కన గోడకు ఒక చార్టు అంటించారు: నీరు తక్కువ ఎక్కితే ఆకుపచ్చ స్టారు, ఎక్కువైతే ఎర్ర చుక్క.

ఆరు నెలలయ్యాక నెలవారీ మీటింగులో హెడ్డాఫీసు మేనేజరు అడిగారు: "మేడమ్, దీనివల్ల ఒరిగిందేమిటి? నంబర్లు చూపించండి." తీసి చూస్తే రెండు డయాలసిస్ సిట్టింగుల మధ్య ఎక్కే బరువు జనవరిలో సగటున 2.9 కిలోలు, జూన్‌లో 2.8. డయాలసిస్ ఎంత బాగా జరిగిందో చెప్పే కేటీ/వీ ఉన్నచోటే ఉంది. షిఫ్టు మారేటప్పుడు పావుగంట లేటవుతోందని టెక్నీషియన్లు సణుగుతున్నారు. రిటైరైన కండక్టరుగారొకరు మొదటి రోజే "సర్కారు డబ్బులు మీకిస్తుంటే పని మాతో చేయిస్తారా?" అని బుక్కు తిరిగి ఇచ్చేశారు. అందరికన్నా బాగా నేర్చుకున్న ముప్పై నాలుగేళ్ల ఆటో డ్రైవరు మే నెలలో ఒక సోమవారం తెల్లవారుజామున, సెంటరుకు బయల్దేరబోతూ కుప్పకూలి పోయాడు. "మీ స్టార్ పేషెంటే పోయాడు కదండీ" అన్నారట మీటింగులో ఎవరో.

మరో రెండు సంగతులు ఆవిడ మాటల్లోనే ఇస్తాను.

"ఒకరోజు ఫస్ట్ షిఫ్టులో చూశాను మేడమ్. డెబ్బై ఏళ్ల తాతగారు వెయిట్ మెషీన్ మీద నిలబడి, కుడిచేతి రెండు వేళ్లు పక్కనున్న కిటికీ కడ్డీకి తగిలించి, ఒంటిని కాస్త పైకి లాక్కుంటున్నారు. అంకె దిగేదాకా ఆగి, అప్పుడు బుక్కులో రాసుకున్నారు. అంతకు ముందు వారం ఆయన రాత్రిపూట ఆయాసంతో ఎమర్జెన్సీకి ఎందుకొచ్చారో నాకు అప్పుడు తెలిసింది. ఆ వారం ఆయనకి ఆకుపచ్చ స్టారు పెట్టింది నేనే."

రెండోది: "ఎనిమిది మంది మధ్యలో రాయడం మానేశారు. ఖాళీలు చూస్తే నాకే సిగ్గనిపించి ఆ పేజీలు నేనే నింపాను. ఇరవయ్యో తారీఖున మీటింగు. వీటిని కలిపి చూపించనా? అసలు ఇదంతా ఆపేయనా? నేను గెలిచానో ఓడానో ఎలా తెలుస్తుంది?"

*

ముందు ఆ ఎనిమిది బుక్కుల సంగతి తేల్చేద్దాం. అది మనసులో పెట్టుకుని మీరు మిగతా ఏదీ సరిగ్గా ఆలోచించలేరు.

నేను వార్డు ఉద్యోగం వదిలి ఏడేళ్లయింది. నైట్ డ్యూటీలో తెల్లవారుజామున నాలుగింటికి చార్టులో వరసగా 120/80 అని దించేసిన పాపం నాకూ ఉంది. పొద్దున రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు ఆ వరస చూసి "సిస్టర్, ఈ వార్డులో అందరిదీ ఒకటే గుండెలా ఉందే" అన్నారు. తిట్టినా బాగుండేది. కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ ఆ పేజీలు మీటింగుకు వెళ్లకూడదు. మీరు నింపిన ప్రతి పేజీ మీద అడ్డంగా ఒక గీత గీసి, "ఇవి నేను రాసినవి" అని సంతకం, తేదీ పెట్టండి. చించేయొద్దు. చించేస్తే ఒక తప్పు మీద ఇంకో తప్పు. గీత గీశాక ఆ ఖాళీలే మీకు పనికొస్తాయి. ఎనిమిది మంది ఏ వారంలో మానేశారు? ఎండలు ముదిరాకా, ఇంట్లో పెళ్లి వచ్చినప్పుడా, ఆటో అబ్బాయి పోయాకా? మీరు నింపిన అంకెల కన్నా ఆ ఖాళీలు ఎక్కువ చెబుతాయి.

ఇక గెలుపోటముల ప్రశ్న. ఉత్తరమంతా "నంబర్లు కదల్లేదు" అని బాధపడ్డారు గానీ, ఆ నంబర్లు కదలాలని ఎందుకు అనుకున్నారో ఎక్కడా రాయలేదు. కేటీ/వీ సంగతే చూడండి. అది ఎంతసేపు మెషీను మీద ఉన్నారు, రక్తం ఎంత వేగంతో వెళ్లింది, ఏ ఫిల్టరు, సూదులు సరిగ్గా పడ్డాయా, వీటన్నిటి మీద ఆధారపడుతుంది. పేషెంటు తన బరువు తను రాసుకున్నంత మాత్రాన అది పెరగదు. అరగంట ముందే "తీసేయండి సిస్టర్, బస్సు వెళ్లిపోతుంది" అనే మనిషి పూర్తి నాలుగు గంటలూ ఉంటేనే పెరుగుతుంది. మీ బుక్కులో ఆ గడి లేదు. మీరు పెట్టని దాన్ని అది ఎలా చూపిస్తుంది?

బరువు సగటు ఇంకా చిత్రమైనది. మూడు కిలోలు అందరికీ ఒకే మూడు కిలోలు కావు. గంటకు, కిలో ఒంటి బరువుకు 13 మిల్లీలీటర్ల కన్నా వేగంగా నీరు లాగితే గుండె మీద భారం పడుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. మీ కిడ్నీ డాక్టరు కూడా చెప్పే ఉంటారు. ఆ లెక్కన నాలుగు గంటల్లో 70 కిలోల మనిషి నుంచి మూడున్నర లీటర్ల పైచిలుకు తీయొచ్చు. 45 కిలోల ఆవిడ దగ్గర రెండు లీటర్ల మూడు వందలకే ఆ గీత వచ్చేస్తుంది. ఇద్దరికీ మూడు కిలోలు ఎక్కితే ఆయన లేచి టీ తాగి వెళ్లిపోతాడు, ఆవిడకు బీపీ పడిపోయి పిక్కలు పట్టేస్తాయి. ఈ ఇద్దరినీ కలిపి సగటు తీస్తే వచ్చేది ఎవరి బరువూ కాదు. ఎవరి నీటిని వాళ్ల ఒంటి బరువుతో పోల్చి చూడండి, గీత దాటిన సిట్టింగులు నెలకు ఎన్నో లెక్కపెట్టండి. సగటు 2.9 నుంచి 2.8కి వచ్చిన ఆ చిన్న కదలిక వెనక, బాగా ప్రమాదంలో ఉన్న నలుగురైదుగురు తగ్గి ఉండొచ్చు. ఎవరూ తగ్గకపోనూ వచ్చు. చూస్తేనే తెలుస్తుంది.

పైగా జనవరినీ జూన్‌నీ పోలుస్తారా! సంక్రాంతి పిండివంటలు అయిపోయిన చలికాలం అది. ఇదేమో కొత్త ఆవకాయ జాడీ తెరిచిన వేసవి చివర. అంత ఉప్పు, అంత దాహం ఉన్న నెలలో పెరగాల్సిన బరువు పెరగకుండా ఉంటే దాన్ని ఓటమి అంటారా? కిందటేడాది జూన్ సిట్టింగు షీట్లు తీయండి. డయాలసిస్‌కు ముందూ తర్వాతా బరువు రాయడం మీ దగ్గర ఎప్పటినుంచో ఉంది కదా, బీరువాలో ఉంటాయి. జూన్‌ని జూన్‌తో పోల్చండి.

అయితే ఆ పని చేసే ముందు ఇంకొకటి ఆరా తీయండి. ఈ ఆర్నెల్లలో షీటులో ఎక్కిన బరువు టెక్నీషియన్ కళ్లతో చూసి రాసిందా, పేషెంటు బుక్కులోంచి దించుకున్నదా? దించుకున్నదైతే మీ 2.8లో కిటికీ కడ్డీ వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు ఆ తాతగారి దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆయనే. డెబ్బై ఏళ్ల మనిషి, ఎర్ర చుక్క తప్పించుకోవడానికి తన గుండెను పణంగా పెట్టాడు. ఆయన దొంగబరువు చూపిస్తే మెషీను తక్కువ నీరు తీసింది. ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరింది. ఇందులో ఆయన మోసం కన్నా మీ చార్టు చేసిన పని ఎక్కువ. మీరు బుక్కు ఇచ్చింది ఆయన తన ఒంటిని తెలుసుకోవడానికి. గోడ మీద చార్టు ఆయనకు వేరే పాఠం చెప్పింది: సిస్టరు ముందు, పక్క మంచం వాళ్ల ముందు పరువు పోకూడదని. బడిలో మార్కులు తక్కువొస్తే ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం తామే పెట్టుకునే పిల్లల్లాంటివాళ్లమే అందరం, వయసుతో సంబంధం లేదు. ఎనిమిది బుక్కులు నింపినప్పుడు మీరు చేసింది కూడా అదే కదా. మీ మీద మేనేజరు చార్టు ఉంది, ఆయన మీద మీ చార్టు ఉంది.

చార్టు తీసేయమనే అంటాను. తీస్తే నష్టం లేకపోలేదు. స్టార్ల కోసం నిజంగా నీళ్లు తగ్గించుకున్న కుర్రవాళ్లు కొందరుంటారు, వాళ్ల ఉత్సాహం చప్పబడుతుంది. వాళ్లకు కావాలంటే వాళ్ల బుక్కులోనే అంటించండి. తాతగారితో మాత్రం మీరొక్కరే, ఆయన మెషీను మీద స్థిమితంగా ఉన్నప్పుడు, స్టూలు లాక్కుని కూర్చుని మాట్లాడండి. "కడ్డీ పట్టుకున్నారుగా" అని మొదలుపెట్టొద్దు. "ఎర్ర చుక్క పెట్టి మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను తాతగారూ" అని మొదలుపెట్టండి. మిగతాది ఆయనే చెబుతారు. ఏ రోజైతే ఆయన "సిస్టరూ, ఇవాళ నాలుగు కిలోలు ఎక్కింది, నిన్న మనవడి పుట్టినరోజు" అని దాచకుండా చెబుతారో ఆ రోజు తేదీ రాసి పెట్టుకోండి. బరువు పెరిగిన రోజే అయినా నా లెక్కలో అది మీ గెలుపే.

ఆటో అబ్బాయి గురించి. మీటింగులో ఆ మాట అన్నవారికి డయాలసిస్ గురించి తెలిసింది తక్కువ. అదే ఆర్నెల్లలో మీ సెంటర్లో మరో ఇద్దరు పోయారని మీరే ఒక మూల రాశారు. వాళ్లు బుక్కు పుచ్చుకోనివాళ్లు. వాళ్ల గురించి ఎవరూ అడగలేదు. అరవై మందిలో ఒకరు పోయినా ఇద్దరు పోయినా ఆ లెక్కతో మీ పని మంచిదనీ చెప్పలేం, చెడ్డదనీ చెప్పలేం. అంత చిన్న గుంపులో చావులు అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి. ఆ అబ్బాయి సోమ, బుధ, శుక్ర వారాల పేషెంటు అన్నారు. పోయింది సోమవారం తెల్లవారుజామున. శుక్రవారం తర్వాత వచ్చే ఆ పెద్ద విరామం చివర గుండె ఆగడం ఎక్కువని 2011లో అమెరికాలో 32 వేల మందికి పైగా పేషెంట్ల రికార్డులు చూసి తేల్చారు. నీరు, పొటాషియం పేరుకోవడానికి ఆ అదనపు రోజు చాలు. ఏ నోటుబుక్కూ ఆదివారాన్ని చెరిపేయలేదు. మీరు చేయగలిగింది ఒకటుంది. ఆ పెద్ద విరామం తర్వాత ఎక్కిన బరువును విడిగా రాయించండి. శుక్ర, శనివారాల్లో ఇంటికి పంపేటప్పుడు కొబ్బరినీళ్లు, పళ్లరసాలు, ఊరగాయల సంగతి ప్రత్యేకంగా ఒకసారి చెప్పి పంపండి. ఆ అబ్బాయి ఇంటికి వెళ్లారా? వెళ్లకపోతే ఒకసారి వెళ్లిరండి. నంబర్లతో పనిలేదు, ఊరికే.

*

అసలు దేన్ని కొలవాలి అంటారా? ఇక్కడ కాస్త నిదానిస్తాను.

పేషెంటును తన వైద్యంలో తనే చెయ్యి పెట్టనివ్వడం మీరు కనిపెట్టిందేమీ కాదు. 2005లో స్వీడన్‌లో యాన్‌షోపింగ్ అనే ఊళ్లో, రీహోవ్ ఆస్పత్రిలో ఒక పేషెంటు "నా డయాలసిస్ నేనే చేసుకోవచ్చా?" అని నర్సును అడిగాడు. ఆవిడ నేర్పింది. అతను ఇంకొకరికి నేర్పాడు. అలా అక్కడ పేషెంట్లే మెషీన్లు నడుపుకునే విభాగం తయారైంది. ఇంగ్లండులో యార్క్‌షైర్ వైపు డయాలసిస్ పనిని బరువు చూసుకోవడం దగ్గర్నుంచి సూది గుచ్చుకోవడం దాకా పద్నాలుగు చిన్న పనులుగా విడగొట్టి, ఎవరికి ఎన్ని ఇష్టమైతే అన్ని నేర్పుతున్నారు. ఒక్కటి చేసినా లెక్కలోకే వస్తుంది, పద్నాలుగూ చేయమని ఎవరూ తరమరు.

స్వీడన్ కథలో నాకు నచ్చేది మొదటి వాక్యం: అడిగింది పేషెంటు. మీ దగ్గర అడిగింది మీరు. అందులో మీ తప్పేం లేదు, మన దగ్గర పేషెంటు అడగడు. ఎందుకు అడగడో మీకు తెలుసు. "ఫ్రీగా చేస్తున్నారు, నోరు మూసుకుని కూర్చో" అని ఇంట్లోవాళ్లే చెప్పి పంపుతారు. ఒకప్పుడు పొలం అమ్మి డయాలసిస్ చేయించుకున్నవాళ్లను నేను చూశాను. ఆరోగ్యశ్రీ వచ్చాక ఆ గోస తప్పింది, సంతోషం. కానీ ఉచితంగా వచ్చిన చోట ప్రశ్న అడగడం కృతఘ్నత అనే భయం మాత్రం పోలేదు. అందుకని మీ సెంటర్లో మొదట కొలవాల్సింది ఈ భయం ఎంత తగ్గిందన్నదే.

దాన్ని కొలిచేదెలా అనకండి, మీ ఉత్తరంలోనే ఉంది. నాలుగో పేజీలో ఒక పక్కన ఇరికించి రాశారు: చదువు రాని అరవై ఏళ్ల ఆవిడ బుక్కులో అంకెలకు బదులు చుక్కలు పెట్టుకుంటుందనీ, మొన్న టెక్నీషియన్ కుర్రాడితో "నిన్నా అక్కడే పొడిచావు, మొన్నా అక్కడే పొడిచావు, ఇవాళ పైకి జరుగు బాబూ" అందనీ. మీరు దాన్ని నవ్వుకోవడానికి రాశారు. నేను లేచి నిలబడ్డాను. ఒకే చోట పదేపదే పొడిస్తే ఫిస్టులా ఉబ్బి పాడవుతుందని మీరు నేర్పిన ముక్క ఆవిడ తన చేతి మీద అమలు చేయించుకుంది! మీ చార్టులో ఆవిడకు ఎన్ని స్టార్లున్నాయి? నాకు తెలిసి చాలా తక్కువ ఉంటాయి.

కాబట్టి ఒక పొడుగు నోటుబుక్కు మీ టేబుల్ మీద పెట్టుకోండి. పేషెంటు తనంతట తాను అడిగిన ప్రశ్న, చెప్పిన అభ్యంతరం, పట్టుకున్న పొరపాటు, రోజుకు ఎన్ని వస్తే అన్ని ఒక్కో వాక్యంలో రాయండి. "ఫిల్టర్ మీద పేరు నాది కాదు." "ఇవాళ డ్రై వెయిట్ మార్చాలేమో, ప్యాంటు వదులైంది." మూడు నెలల్లో ఈ వాక్యాలు పెరుగుతున్నాయా, ఎప్పుడూ మాట్లాడే ఆ నలుగురైదుగురే మాట్లాడుతున్నారా, కొత్తవాళ్లు నోరు విప్పారా చూడండి. పేరు మారిన ఫిల్టర్ ఒక్కటి పేషెంటు పట్టుకున్నా దాని విలువ ఏ సగటులోనూ పట్టదు.

రెండోది, పేషెంటు లెక్కలో సుఖం. సాంగ్ అనే ఒక అంతర్జాతీయ ప్రయత్నంలో పేషెంట్లనూ, ఇంటివాళ్లనూ, డాక్టర్లనూ కూర్చోబెట్టి హీమోడయాలసిస్ పరిశోధనల్లో తప్పనిసరిగా కొలవాల్సినవేమిటని అడిగారు. నాలుగు తేలాయి: గుండె జబ్బు, ఫిస్టులా లాంటి రక్తమార్గం, మరణం, వీటితో సమానంగా నీరసం. మన షీట్లలో నీరసానికి గడే లేదు. దానికి పెద్ద ఫారాలు అక్కర్లేదు. కెనడాలో 2006లో ఒకే ఒక్క ప్రశ్నతో పని జరుగుతుందని చూపించారు. మన మాటల్లో చెప్పాలంటే: "డయాలసిస్ అయ్యాక మళ్లీ మామూలు మనిషి కావడానికి ఎంతసేపు పడుతోంది?" రెండు గంటలా, సాయంత్రం దాకానా, మర్నాడు పొద్దుటికా? నెలకోసారి అడిగి రాయండి. నీరు తక్కువ ఎక్కి, నెమ్మదిగా తీయించుకునేవాళ్లు త్వరగా తేరుకోవాలి. నిజంగా తేరుకుంటున్నారేమో మీ సెంటర్లోనే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. ఈ ప్రశ్నలు మీరు అడగొద్దు. మీరంటే వాళ్లకు ఇష్టం. ఇష్టమైన సిస్టరు అడిగితే "బానే ఉందమ్మా" అంటారు. విదేశాల్లో పేషెంటుకు తన ఆరోగ్యం మీద ఎంత పట్టుందో కొలవడానికి 13 ప్రశ్నల కొలబద్ద ఒకటి వాడతారు, వందకు మార్కులు. అది తెచ్చి తెలుగు చేసి మీరే అడిగినా ఇదే జరుగుతుంది, అందరికీ ఫస్ట్ క్లాసు వస్తుంది. పాత పేషెంటు ఒకరితోనో, వెంట వచ్చి బయట బెంచీ మీద కూర్చునే ఇంటివాళ్లతోనో అడిగించండి. ఆ బెంచీ మీద దొరికినంత నిజం మీకు మంచం దగ్గర దొరకదు.

ఇక చేరని 27 మంది. చేరిన 34 మందిని వీళ్లతో పోల్చి "చూశారా, చేరినవాళ్లు బాగున్నారు" అని మీటింగులో చెప్పాలనిపిస్తుంది. చెప్పకండి. చేరినవాళ్లు వయసులో చిన్నవాళ్లు, అంతో ఇంతో చదువుకున్నవాళ్లు, ఇంట్లో చూసే మనిషి ఉన్నవాళ్లు అయి ఉంటారు. వాళ్లు మొదటే బాగున్నారు. ప్రతి మనిషినీ తన పాత రోజులతోనే పోల్చాలి.

కండక్టరుగారి మాట నాకు పొగరులా అనిపించలేదు. సగం న్యాయం ఉంది. ముప్పై ఏళ్లు బస్సులో నిలబడి పనిచేసిన మనిషి, ఈ నాలుగు గంటలైనా ఎవరో తన పని చేసిపెట్టాలనుకోవడంలో తప్పేముంది? షిఫ్టులో ఒక టెక్నీషియన్‌ను తగ్గించుకోవడానికి మీ బుక్కు వాడుకుందామని రేపు హెడ్డాఫీసు అనదని మీరు హామీ ఇవ్వగలరా? ఆయన భయం అదే. ఆయన్ను ఒక్కటి అడగండి: "ఏమీ చేయొద్దు, ఏదైనా తెలుసుకోవాలని ఉందా?" లేదంటే వదిలేయండి. వద్దని చెప్పడం కూడా తన వైద్యం గురించి తను తీసుకున్న నిర్ణయమే. ఆయన పేరు పక్కన సున్నా వేయకండి.

*

ఇరవయ్యో తారీఖు దగ్గరికొద్దాం. మీ ముందున్న దారులు నాకు ఇలా కనిపిస్తున్నాయి.

ఆపేయొచ్చు. మేనేజరు సంతోషిస్తారు, పావుగంట తిరిగొస్తుంది, మీకు నిద్ర పడుతుంది. కానీ "పైకి జరుగు బాబూ" అన్న ఆవిడ ఇంకోసారి అన్నప్పుడు కుర్రాడు "సిస్టరు ప్రోగ్రాం అయిపోయిందమ్మా" అంటాడు. ఒకసారి ఇచ్చి తీసుకున్నది అసలు ఇవ్వనిదానికన్నా చేదు. ఆపేదైనా బరువు, ఫిస్టులా, ఫిల్టర్ పేరు, ఈ మూడు మాత్రం మిగిలేలా చూడండి.

రెండోది, ఉన్నదాన్నే కాస్త మెరుగులు దిద్ది చూపించడం. ఈ మీటింగు గట్టెక్కుతారు. వచ్చే మీటింగుకు ఇంకాస్త దిద్దాలి. ఆ పైన మిగతా సెంటర్లకు కూడా "చార్టులు పెట్టండి, స్టార్లు పంపండి" అని ఆర్డరు వెళుతుంది. అక్కడ కూడా కిటికీలుంటాయి.

మూడోది, ఉన్నది ఉన్నట్టు చెప్పి మూడు నెలల గడువు అడగడం. దీనికి ధైర్యం కావాలి, ఫలితం మీ చేతిలో ఉండదు. మేనేజరును శత్రువనుకోకండి. ఆయనకు సిట్టింగు లెక్కన డబ్బు వస్తుంది, ఆయన సిట్టింగులే లెక్కపెడతాడు. ఆ భాషలోనే మొదలుపెట్టండి: ఈ ఏడాదీ కిందటేడాదీ ఇవే నెలల్లో మానేసిన సిట్టింగులు ఎన్ని, మధ్యలో ఆపించుకుని వెళ్లినవి ఎన్ని, రాత్రిపూట ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చినవి ఎన్ని. ఈ మూడూ మీ రిజిస్టర్లలో ఉన్నాయి. ఖాళీ మెషీను అంటే ఏమిటో ఆయనకు వివరించక్కర్లేదు, మానేసిన సిట్టింగు పేషెంటుకు కూడా ప్రమాదమే. మీ ఇద్దరి లెక్కా కలిసే చోటు అది. తర్వాత తాతగారి సంగతి పేరు చెప్పకుండా మీరే చెప్పండి: చార్టు వల్ల ఇలా జరిగింది, తీసేశాం అని. తన తప్పు తనే ముందు చెప్పుకున్న మనిషి చెప్పే మిగతా అంకెలను వినేవాళ్లు నమ్ముతారు. ఈ మూడు అంకెలూ బాగోలేవనే తేలితే? అదీ చెప్పాల్సిందే. అప్పుడు ఆపమంటే మాత్రం ఆపడానికి కారణం ఉన్నట్టే.

నాలుగోది, బుక్కులు పేషెంట్ల చేతికే వదిలేయడం. అందరికీ ఒకే ఆరు పనులు కాకుండా "మీకు ఏది కావాలి?" అని తలా ఒక్కటి అడిగి, అదే కొలవడం. ఒకాయనకు పిక్కలు పట్టకూడదు. ఒకామెకు మనవరాలి పెళ్లిలో మధ్యాహ్నం దాకా కూర్చోగలగాలి. ఇంకొకరికి మధ్యలో బీపీ పడిపోకూడదు. మూడు నెలల తర్వాత "అయిందా, కొంత అయిందా, కాలేదా" అని వాళ్లే చెబుతారు. దీన్ని హెడ్డాఫీసు ఎక్సెల్ షీటులో ఇరికించడం కష్టం, అందుకు మాట పడాల్సి వస్తుంది. నాకైతే మూడోదాన్నీ దీన్నీ కలిపి, పన్నెండు పదిహేను మందితో నడపాలని ఉంటుంది. అయితే అక్కడ డ్యూటీ చేసేది మీరు, మీ ఒంట్లో ఓపిక ఎంత మిగిలిందో మీకే తెలియాలి.

టెక్నీషియన్ల పావుగంట నిజమే. వాళ్లను పక్కన పెట్టి మొదలుపెట్టారని మీరే ఒప్పుకున్నారు. పేషెంటు బరువు తనే చూసుకోవచ్చు, అంకె మాత్రం టెక్నీషియన్ పక్కన నిలబడి చదవాలి. ఇద్దరూ పైకి చదివితే అర నిమిషం. బీపీ మాత్రం మెషీను ఎక్కాక తీరిగ్గా నేర్పొచ్చు, షిఫ్టు మారే హడావుడిలో వద్దు. సూదుల జోలికి మటుకు డాక్టరుగారు రాతపూర్వకంగా ఒప్పుకుని, సరైన శిక్షణ ఏర్పాటు చేస్తే తప్ప ఎవర్నీ వెళ్లనివ్వకండి. ఎవరెంత ఉత్సాహపడినా సరే.

ఇవన్నీ ఇరవయ్యో తారీఖు లోపు తేలేవి కావు. ఆ వెయిట్ మెషీన్‌ను మాత్రం కిటికీ దగ్గర్నుంచి రెండడుగులు ఇవతలికి జరిపించండి. గోడకు కూడా చెయ్యి అందకూడదు. రేపు ఫస్ట్ షిఫ్టు మొదలయ్యేలోపే.